ఫ్రీ పాస్కల్ కంపైలర్‌తో తెలుగు పాఠ్య పరిశోధన: నిత్య ప్రోగ్రామింగ్ సమస్యలు, పరిష్కార మార్గాలు

వ్యాస సంగ్రహం

తెలుగు పరిశోధకులకు, అధ్యాపకులకు తరచుగా ఎదురయ్యే చిన్న గణన సమస్యలు కొన్ని ఉన్నాయి. పాఠంలోని అక్షరాలను లెక్కించడం, పద్యపాదాన్ని పరీక్షించడం, పదసూచిని అకారాది క్రమంలో పెట్టడం, మార్కుల సగటు తీయడం, వయస్సు నిర్ణయించడం ఇటువంటివి. ఉచితంగా లభించే ఓపెన్‌సోర్స్ కంపైలర్ అయిన ఫ్రీ పాస్కల్ సాయంతో వీటిని పరిష్కరించే విధానాన్ని ఈ వ్యాసం వివరిస్తుంది. ప్రోగ్రాం ఆగకుండా నడిచి, ఏ హెచ్చరికా లేకుండా తప్పు ఫలితాన్ని ఇచ్చే సందర్భాలపై ఇందులో ప్రధానంగా దృష్టి నిలపడమైంది.

కీలక పదాలు: ఫ్రీ పాస్కల్, యూనికోడ్, యూటీఎఫ్-8, అక్షర గణన, ఛందస్సు, అకారాది క్రమం, పూర్ణాంకీకరణ.

1. ప్రవేశిక

పరిశోధన వ్యాసాల్లో ఈమధ్య సంఖ్యల ప్రాధాన్యం పెరిగింది. ఒక నవలలో ఎన్ని పదాలున్నాయి, ఒక కవి ఏ పదాన్ని ఎన్నిసార్లు వాడాడు, ఒక శతకంలో ఏ వృత్తాలు ఎన్ని ఉన్నాయి వంటి ప్రశ్నలకు చేతితో లెక్కపెట్టి సమాధానం చెప్పే రోజులు దాదాపు పోయాయి. పాఠం కంప్యూటర్‌లో ఉన్నప్పుడు లెక్కను కూడా కంప్యూటర్‌కే అప్పగించడం సహజం. అయితే అలా వచ్చిన సంఖ్యను సిద్ధాంత వ్యాసంలో పట్టికగా ముద్రించే ముందు, ఆ సంఖ్య దేన్ని లెక్కించగా వచ్చిందో తెలుసుకోవడం అవసరం. తెలుగు పాఠం విషయంలో ఈ ప్రశ్న ఇంగ్లీషు పాఠం విషయంలో కంటే చాలా క్లిష్టమైనది.

పాస్కల్ భాషను జూరిచ్‌లోని ఈటీహెచ్ సంస్థలో నిక్లాస్ విర్త్ రూపొందించి 1970లో ప్రకటించాడు. విద్యార్థులకు క్రమబద్ధమైన ప్రోగ్రామింగ్ నేర్పడం దాని ముఖ్యోద్దేశాల్లో ఒకటి. పన్నుల అధికారి అయిన తండ్రికి లెక్కల శ్రమ తగ్గించడానికి యంత్రాన్ని నిర్మించిన బ్లేజ్ పాస్కల్ పేరు ఈ భాషకు పెట్టారు. నిత్యజీవితపు లెక్కల నుండే పుట్టిన పేరు ఇది. 1983లో బోర్లాండ్ సంస్థ విడుదల చేసిన టర్బో పాస్కల్ ఈ భాషను వ్యక్తిగత కంప్యూటర్లలోకి విస్తృతంగా తీసుకువెళ్ళింది. డాస్ కోసం టర్బో పాస్కల్ అభివృద్ధి ఏడవ రూపంతో ఆగిపోతుందని తెలిసిన కాలంలో, 1993లో, జర్మనీకి చెందిన ఫ్లోరియన్ క్లెంప్‌ఫ్ల్ తన సొంత కంపైలర్‌ను రాయడం ప్రారంభించాడు. మొదట టర్బో పాస్కల్‌లోనే రాసిన ఆ కంపైలర్ తరువాత తన్ను తానే అనువదించుకోగల స్థాయికి చేరింది. అదే ఫ్రీ పాస్కల్. దాని 1.0 రూపం 2000లో, 3.0 రూపం 2015లో, 3.2 రూపం 2020లో వెలువడ్డాయి. కంపైలర్ జీపీఎల్ లైసెన్సు కింద లభిస్తుంది. దానితో తయారైన ప్రోగ్రాంను ఎవరికైనా ఇవ్వడానికి ఆటంకం లేకుండా సహాయక గ్రంథాలయానికి సడలించిన ఎల్‌జీపీఎల్ లైసెన్సు ఉంది. విండోస్, లినక్స్, మ్యాక్ వ్యవస్థలు మూడింటిలోనూ ఇది పనిచేస్తుంది. తయారైన ప్రోగ్రాం సాధారణంగా ఒకే ఫైలుగా ఉంటుంది కనుక, కళాశాల ప్రయోగశాలలోని పాత కంప్యూటర్‌లో కూడా మరేదీ స్థాపించకుండా నడపవచ్చు.

ఈ పనులకు పాస్కలే తప్పనిసరి అని ఇక్కడ ప్రతిపాదించడం లేదు. పైథాన్ నేడు ఎక్కువ ప్రచారంలో ఉంది, దానికి వనరులూ ఎక్కువే. కానీ కింద చర్చించే చిక్కుల్లో కొన్ని పైథాన్‌లోనూ అలాగే ఉన్నాయి. ప్రతి చరరాశికీ రకాన్ని ముందే ప్రకటించాలన్న పాస్కల్ నియమం వల్ల ఆ చిక్కులు కనీసం కంటికి కనిపిస్తాయి.

2. మాయమయ్యే పాఠం, రుణసంఖ్యగా మారే లెక్క

టర్బో పాస్కల్ నుండి వచ్చిన వారసత్వం ఫ్రీ పాస్కల్‌కు బలమూ బలహీనతా రెండూ అయింది. పాత ప్రోగ్రాంలు మార్పులేకుండా నడవాలన్న ఉద్దేశంతో, ప్రత్యేకంగా ఏమీ కోరకపోతే కంపైలర్ పాత పద్ధతినే అనుసరిస్తుంది. ఆ పద్ధతిలో 'స్ట్రింగ్' అనే రకం 255 బైట్లకు మించి పట్టదు. 'ఇంటీజర్' అనే రకం 16 బిట్లది, అంటే -32768 నుండి 32767 వరకు మాత్రమే ఉంటుంది.

ఇంగ్లీషులో ఒక పంక్తి 255 బైట్లు దాటడం అరుదు. తెలుగులో పరిస్థితి వేరు. యూటీఎఫ్-8 పద్ధతిలో ప్రతి తెలుగు సంకేతానికీ మూడు బైట్లు పడతాయి. అందువల్ల 255 బైట్లలో 85 తెలుగు సంకేతాలు మాత్రమే ఇముడుతాయి. గుణింతపు గుర్తులు, పొల్లు గుర్తులు కూడా విడివిడి సంకేతాలే కనుక, ముద్రణలో ఒక పంక్తిన్నర లోపే ఈ హద్దు వచ్చేస్తుంది. టైపు చేసిన ఫైళ్ళలో ఒక పేరా మొత్తం ఒకే పంక్తిగా ఉండటం మామూలు. 'రీడ్‌లైన్' ఆదేశంతో అటువంటి పేరాను చదివితే మొదటి 255 బైట్లు మాత్రమే చేతికి వస్తాయి, మిగిలినది చెప్పకుండా జారిపోతుంది. లోపసూచన ఏదీ రాదు. ఒక నవల పదసంఖ్య అసలు సంఖ్యలో పదోవంతుగా వచ్చినా, పోల్చి చూసుకోవడానికి మరో లెక్క లేని పరిశోధకుడికి అది నిజమైన సంఖ్యగానే కనిపిస్తుంది.

ఇంటీజర్ విషయంలో ప్రమాదం ఇంకో విధంగా ఉంటుంది. పదాలను లెక్కించే చరరాశి 32767కు చేరాక మరొకటి కలిపితే -32768 అవుతుంది. చివర రుణసంఖ్య వస్తే తప్పు జరిగిందని తెలుస్తుంది. కానీ పాఠం పెద్దదైతే లెక్క సున్నాను దాటి మళ్ళీ ధనసంఖ్యగా మారవచ్చు. ఉదాహరణకు 70000 పదాలున్న పాఠానికి ఈ చరరాశి 4464 అని చూపుతుంది. 70000 లోంచి 65536 తీసివేస్తే వచ్చే సంఖ్య అది. చూడటానికి అందులో అనుమానించవలసింది ఏమీ కనిపించదు.

దీనికి నివారణ ప్రోగ్రాం తలభాగంలో రాసే కొన్ని ఆదేశాలే. కుటిల కుండలీకరణాల మధ్య డాలరు గుర్తుతో రాసే ఈ ఆదేశాల్లో మొదటిది 'మోడ్ ఆబ్జ్‌ఎఫ్‌పీసీ'. దీనివల్ల ఇంటీజర్ 32 బిట్లది అవుతుంది. రెండవది 'హెచ్' పక్కన కూడిక గుర్తు. స్ట్రింగ్‌కు ఉన్న 255 బైట్ల హద్దును ఇది తొలగిస్తుంది. మొదటి ఆదేశం ఇచ్చినంత మాత్రాన రెండవది దానంతట అది రాదు, విడిగా రాయాలి. మూడవది 'ఆర్' పక్కన కూడిక గుర్తు. ఇది హద్దుల తనిఖీని చేరుస్తుంది. చరరాశి హద్దు దాటిన క్షణంలో ప్రోగ్రాం 201 సంఖ్య గల దోషాన్ని చూపి ఆగిపోతుంది. తప్పు సమాధానం చెప్పే ప్రోగ్రాం కంటే ఆగిపోయే ప్రోగ్రాం పరిశోధకుడికి మేలు. అయితే స్ట్రింగ్ కత్తిరింపును మాత్రం ఈ తనిఖీ పట్టుకోదు, కాబట్టి రెండవ ఆదేశాన్ని ఏ పరిస్థితిలోనూ మరవరాదు.

3. అక్షరం ఏది?

'తెలుగు' అన్న పదానికీ 'స్త్రీ' అన్న పదానికీ పొడవు ఎంత అని ఫ్రీ పాస్కల్‌ను 'లెంగ్త్' ఫంక్షన్ ద్వారా అడిగితే రెండింటికీ 18 అనే సమాధానమే వస్తుంది. అది బైట్ల లెక్క. ఇదే ప్రశ్న పైథాన్‌ను అడిగితే రెండింటికీ 6 అంటుంది. అది కోడ్ పాయింట్ల లెక్క. తెలుగు చదివినవారెవరైనా మొదటిదానిలో మూడు అక్షరాలు, రెండవదానిలో ఒకే అక్షరం ఉన్నాయంటారు. లక్షణకారులు చెప్పే అక్షరానికీ కంప్యూటర్ పరిభాషలోని 'క్యారెక్టర్'కూ మధ్య ఉన్న ఈ అంతరం ఏ ప్రోగ్రామింగ్ భాషను ఎంచుకున్నా తప్పదు. దాన్ని ప్రోగ్రాం రాసేవారే పూడ్చాలి.

యూనికోడ్‌లో తెలుగుకు కేటాయించిన స్థానాలు 128. దశాంశ సంఖ్యల్లో చెబితే అవి 3072 నుండి 3199 వరకు ఉంటాయి. యూటీఎఫ్-8లో వీటన్నిటికీ మొదటి బైటు 224. రెండవ బైటు 176 గాని 177 గాని అవుతుంది. మూడవది 128 నుండి 191 వరకు ఉంటుంది. రెండవ బైటు 178 లేదా 179 అయితే అది కన్నడం, 164 లేదా 165 అయితే దేవనాగరి. లిపుల మధ్య చుట్టరికం ఈ అంకెల్లోనూ ఇరుగుపొరుగుగా కనిపించడం ఆసక్తికరం. పద్యాల చివర వాడే దండం కూడా యూనికోడ్ ప్రకారం దేవనాగరి విభాగంలోనే ఉంది. అందుచేత రెండవ బైటు చూసి తెలుగును వేరుచేసే ప్రోగ్రాంలో అది దానంతట అదే పక్కకు పోతుంది.

మూడు బైట్ల నుండి స్థానసంఖ్యను రాబట్టే పద్ధతి సులభం. రెండవ బైటులోంచి 176 తీసివేసి, 64తో గుణించి, దానికి మూడవ బైటులోంచి 128 తీసివేయగా వచ్చినదాన్ని కలపాలి. ఫలితం 0 నుండి 127 లోపు ఉంటుంది. ఉదాహరణకు పొల్లు గుర్తు బైట్లు 224, 177, 141. 1ని 64తో గుణించి 13 కలిపితే 77. కనుక పొల్లు గుర్తు స్థానం 77.

ఇక్కడే పాస్కల్‌లోని ఒక పాత సౌకర్యం తెలుగుకు చక్కగా అమరుతుంది. సమితులను భాషలోనే భాగంగా ఇవ్వడం పాస్కల్ ప్రత్యేకత. ఫ్రీ పాస్కల్‌లో ఒక సమితి 256 సభ్యుల వరకు పట్టగలదు. తెలుగు స్థానాలు 128 మాత్రమే కాబట్టి వర్ణమాల మొత్తం ఒక సమితిలో ఇముడుతుంది. అచ్చుల సమితిలో 5 నుండి 20 వరకు ఉన్న స్థానాలూ, 96, 97 ఉంటాయి. హల్లుల సమితిలో 21 నుండి 57 వరకు ఉన్నవీ, దంత్య చ, జ మొదలైనవాటి కోసం 88 నుండి 90 వరకు ఉన్నవీ చేరుతాయి. 'ఈ స్థానం హల్లుల సమితిలో ఉందా?' అని అడగడానికి 'ఇన్' అన్న ఒక్క పదం చాలు. వ్యాకరణంలో చెప్పుకునే విభాగం ప్రోగ్రాంలో అదే రూపంలో కనిపిస్తుంది.

ఇప్పుడు అక్షర గణనకు వద్దాం. హల్లుల గుంపులను విడదీసి, ఎక్కడ అక్షరం మొదలవుతుందో ఎక్కడ ముగుస్తుందో గుర్తించడం చాలామంది ఎంచుకునే మార్గం. కానీ కేవలం సంఖ్య కావాలంటే అంత శ్రమ అక్కరలేదు. ఛందస్సులో అక్షరానికి ఆధారం అచ్చు. యూనికోడ్‌లో ప్రతి హల్లూ అకారంతోనే ఉన్నట్టు లెక్క. పొల్లు గుర్తు ఆ అకారాన్ని తొలగిస్తుంది, గుణింతపు గుర్తు దాని స్థానంలో మరో అచ్చును పెడుతుంది. కాబట్టి పాఠంలోని అచ్చుల సంఖ్యకు హల్లుల సంఖ్యను కలిపి, అందులోంచి పొల్లు గుర్తుల సంఖ్యను తీసివేస్తే మిగిలేదే అక్షరాల సంఖ్య.

'స్త్రీ'లో హల్లులు మూడు, పొల్లు గుర్తులు రెండు, కనుక ఒక అక్షరం. 'తెలుగు'లో హల్లులు మూడు, పొల్లు గుర్తులు లేవు, కనుక మూడు. 'విక్రమ్' అన్నప్పుడు హల్లులు నాలుగు, పొల్లు గుర్తులు రెండు, కనుక రెండు. చివరి పొల్లు ముందరి అక్షరంలో కలిసిపోతుందన్న ఛందోనియమం ఈ తీసివేతలోనే నెరవేరుతోంది. సున్న, విసర్గ, అరసున్న అచ్చులూ కావు, హల్లులూ కావు కనుక లెక్కలోకి రావు. ఐత్వాన్ని 72వ స్థానంలోని ఒకే గుర్తుగా రాసినా, 70, 86 స్థానాల్లోని రెండు గుర్తులుగా విడదీసి రాసినా యూనికోడ్ వాటిని సమానంగానే పరిగణిస్తుంది. రెండు ఫైళ్ళలో రెండు రకాలుగా ఉన్నా ఈ సూత్రానికి తేడా పడదు.

ప్రోగ్రాం నిర్మాణంలో ఒక జాగ్రత్త అవసరం. ఫైలును స్ట్రింగులుగా కాక బైట్ల వరుసగా చదవడం మేలు. మూడవ రూపం నుండి ఫ్రీ పాస్కల్ స్ట్రింగులు తమ సంకేత పద్ధతిని వెంట మోసుకుపోతాయి. ఒక పద్ధతిలోని స్ట్రింగును మరో పద్ధతి గల చరరాశిలో పెడితే కంపైలర్ మౌనంగా మార్పిడి చేస్తుంది. యూనికోడ్‌కు ముందటి విండోస్ సంకేత పట్టికల్లో తెలుగుకు చోటు లేదు. అందువల్ల ఆ మార్పిడిలో తెలుగంతా ప్రశ్నార్థకాలుగా మారిపోతుంది, ఒకసారి మారాక తిరిగి రాదు. బైట్లుగా చదివితే ఈ బాధ ఉండదు. ఫలితాన్ని కూడా నల్లటి కన్సోల్ తెరపై కాక ఫైలులోకి రాసి, మామూలు ఎడిటర్‌లో తెరిచి చూడటం మంచిది. కన్సోల్‌లో తెలుగు ఒత్తులు, గుణింతాలు సరిగా కూడవు కనుక, సరైన ఫలితం కూడా తప్పుగా కనిపిస్తుంది.

మరొక మాట. డీటీపీ కేంద్రాల్లో యూనికోడ్ కాని ఫాంట్లతో కూర్చిన పుస్తకాల ఫైళ్ళలో తెరమీద తెలుగు కనిపించినా, లోపల ఉండేవి రోమను స్థానాల్లో దాచిన అక్షర ఖండాలు. వాటిపై ఈ ప్రోగ్రాం సున్నా అని సమాధానమిస్తుంది. అప్పుడు ప్రోగ్రాంను తప్పుపట్టక, పాఠాన్ని ముందు యూనికోడ్‌లోకి మార్చుకోవాలి.

4. పద్యపాదాన్ని పరీక్షించడం

పై సూత్రానికి వెంటనే ఉపయోగం ఉన్న చోటు పద్యపాఠాల పరిష్కరణ. ఉత్పలమాల పాదంలో 20 అక్షరాలు, చంపకమాలలో 21, శార్దూలంలో 19, మత్తేభంలో 20 ఉండాలి. శతకాన్నో ప్రబంధాన్నో టైపు చేయించి, ఒక్కొక్క పాదాన్ని ఒక్కొక్క పంక్తిగా ఉంచితే, లెక్క తప్పిన పంక్తులను మాత్రమే చూపే ప్రోగ్రాం యాభై పంక్తులకు మించదు. చూపిన పాదంలో సాధారణంగా ఒక ఒత్తు జారిపోయి ఉంటుంది, లేదా ఒక అక్షరం రెండుసార్లు పడి ఉంటుంది. వందలాది పద్యాలున్న కావ్యాన్ని చేతిలో మూలప్రతి పట్టుకుని ఆమూలాగ్రం పోల్చే ముందు ఇటువంటి వడపోత ఎంతో కాలాన్ని ఆదా చేస్తుంది.

అక్షరసంఖ్య ఒకటే సరిపోదు. ఒత్తు పోయినా అక్షరసంఖ్య మారని సందర్భాలున్నాయి. 'ముద్దు' అన్నది 'ముదు' అయితే రెండింటిలోనూ రెండే అక్షరాలు, కానీ మొదటి అక్షరం గురువు నుండి లఘువుకు దిగిపోయింది. ఉత్పలమాలకూ మత్తేభానికీ సంఖ్య ఒకటే కాబట్టి వృత్తభేదం కూడా సంఖ్యతో తెలియదు. భగణంతో మొదలయ్యే ఉత్పలమాల తొలి అక్షరం గురువు, సగణంతో మొదలయ్యే మత్తేభం తొలి రెండక్షరాలు లఘువులు. కనుక గురులఘు నిర్ణయం అవసరం. దానికి ఒక్కొక్క అక్షరాన్నీ ఒక 'రికార్డు'గా నిలుపుకోవాలి. అందులో ముందున్న హల్లుల సంఖ్య, అచ్చు దీర్ఘమా కాదా, సున్నగాని విసర్గగాని ఉందా, వెనుక పొల్లు ఉందా అన్న నాలుగు అంశాలుంటాయి. ఈ అంశాల్లో తరువాతి మూడింటిలో ఏదైనా ఉంటే అక్షరం గురువు. లేకున్నా, పక్క అక్షరంలో హల్లులు ఒకటికి మించితే గురువే. అరసున్న మాత్రం దేన్నీ గురువు చేయదు.

విద్యార్థులు తరచుగా తడబడే వట్రసుడి, రావత్తు భేదం ఇక్కడ శ్రమలేకుండా తేలిపోతుంది. 'సుకృతి'లో కకారం కింద ఉన్నది యూనికోడ్ ప్రకారం గుణింతపు గుర్తు, కనుక హల్లు ఒకటే, 'సు' లఘువు. 'సుక్రతువు'లో పొల్లు గుర్తుతో కూడిన రెండు హల్లులున్నాయి, కనుక 'సు' గురువు. టైపు చేసినవారు ఒకదానికి బదులు మరొకటి కొట్టి ఉంటే గణం తప్పిన చోటే పట్టుబడుతుంది.

యంత్రానికి అందని చోట్లూ ఉన్నాయి. సమాసం కానిచోట, పదం మొదట ఉన్న సంయుక్తాక్షరం ముందరి తెలుగు పదపు చివరి లఘువును సాధారణంగా గురువు చేయదు. ఆ రెండు పదాలు సమాసమో కాదో ఖాళీని బట్టి ప్రోగ్రాం తేల్చలేదు, ఎందుకంటే సమాసాలను ముద్రణలో విడదీసి రాయడమూ ఉంది. తేల్చి పలికే రేఫతో కూడిన అక్షరాల విషయమూ ఇటువంటిదే. అందువల్ల అటువంటి స్థానాన్ని గురువనో లఘువనో తీర్పు చెప్పక, ప్రశ్నార్థకంతో చూపించి పరిష్కర్తకు వదిలిపెట్టే ప్రోగ్రామే మంచిది.

5. పదసూచి, అకారాది క్రమం

పదాలను లెక్కించే ముందు పదం ఎక్కడ ముగుస్తుందో నిర్ణయించాలి. విరామ చిహ్నాల పట్టిక తయారుచేసి, వాటి దగ్గర పదాన్ని తెంచడం అలవాటైన పద్ధతి. ఆ పట్టిక ఎప్పుడూ అసంపూర్ణంగానే ఉంటుంది. వంకర కొటేషన్లు, పొడవు గీతలు, తెగని ఖాళీలు ఏదో ఒక ఫైలులో కొత్తగా బయటపడతాయి. తెలుగు పాఠానికి తలకిందుల పద్ధతి మేలు. వరుసగా వచ్చే తెలుగు సంకేతాల గుంపే పదం, మిగిలినదంతా విభజకం.

దీనికి ఒకే ఒక మినహాయింపు ఉంది. 'సాఫ్ట్‌వేర్' వంటి పదాల్లో టకారపు పొల్లు తరువాత వకారం ఒత్తుగా మారకుండా అడ్డుకోవడానికి కంటికి కనిపించని ఒక సంకేతాన్ని చేరుస్తారు. దాని బైట్లు 226, 128, 140. అది తెలుగు విభాగంలో లేదు కనుక, జాగ్రత్తపడకపోతే ప్రోగ్రాం ఒక పదాన్ని రెండు ముక్కలు చేస్తుంది. కొందరు ఆ సంకేతాన్ని వాడతారు, కొందరు వాడరు. కాబట్టి పదాలను పోల్చేటప్పుడు దాన్ని తీసివేయాలి, సూచిలో చూపేటప్పుడు మాత్రం పాఠంలో మొదట కనిపించిన రూపాన్ని నిలుపుకోవాలి. ఆధునిక గద్యంలో అన్యదేశ్యాల వాడుకను లెక్కించే పరిశోధనలో ఈ ఒక్క సంకేతమే ఫలితాన్ని గణనీయంగా మార్చగలదు, ఎందుకంటే అది ఎక్కువగా వచ్చేది అన్యదేశ్యాల్లోనే.

ఆవృత్తిని లెక్కించడానికి ప్రతి పదాన్నీ జాబితాలో మొదటినుండి వెతికితే పాఠం పెరిగినకొద్దీ ప్రోగ్రాం విపరీతంగా నెమ్మదిస్తుంది. పదాలన్నిటినీ ముందు జాబితాలో పోసి, క్రమంలో పెట్టి, ఆపై ఒకేలా ఉన్నవి ఎన్ని పక్కపక్కన ఉన్నాయో లెక్కించడం సులభం, వేగవంతం కూడా. అలా క్రమంలో పెట్టాలంటే అకారాది క్రమమంటే ఏమిటో యంత్రానికి చెప్పాలి.

యూనికోడ్ క్రమం తెలుగు నిఘంటు క్రమానికి దగ్గరగానే ఉంటుంది గాని అదే కాదు. ఱకారం రకారానికీ లకారానికీ మధ్య, ళకారం లకారానికీ వకారానికీ మధ్య ఉన్నాయి. మన వర్ణమాలలో అవి హకారం తరువాతివి. సున్న అచ్చులన్నిటికంటే ముందుంది. పైగా క్షకారానికి ప్రత్యేక స్థానం లేదు, అది కకార, షకారాల కలయిక. ఫ్రీ పాస్కల్‌లోని 'టీస్ట్రింగ్‌లిస్ట్' తనకు తానుగా క్రమంలో పెడితే, పోలిక కోసం కంప్యూటర్‌లోని స్థానిక అమరికలపై ఆధారపడవచ్చు. అందువల్ల ఒకే ప్రోగ్రాం ఇంట్లో ఒక క్రమాన్నీ కళాశాలలో మరో క్రమాన్నీ ఇచ్చే అవకాశం ఉంది.

0 నుండి 127 వరకు సూచికలు గల ఒక శ్రేణిని ప్రకటించి, ఒక్కొక్క స్థానానికీ పరిశోధకుడు కోరుకున్న వరుస సంఖ్యను అందులో రాయడం దీనికి పరిష్కారం. పోలిక ఫంక్షన్ రెండు పదాల సంకేతాలను ఈ సంఖ్యలుగా మార్చి పోలుస్తుంది. 'కస్టమ్‌సార్ట్' అన్న పద్ధతికి ఆ ఫంక్షన్‌ను అందిస్తే చాలు. సున్నను అచ్చుల చివర ఉంచాలా, తరువాతి వర్గపు అనునాసికంగా భావించాలా అన్నది నిఘంటుకారుల మధ్య ఉన్న భేదమే. ప్రోగ్రాం దాన్ని తీర్చదు. కానీ ఏ నిర్ణయం తీసుకున్నారో ఆ శ్రేణిలో అందరికీ కనిపించేలా ఉంటుంది, మరో పరిశోధకుడు దాన్ని మార్చి మళ్ళీ నడిపించవచ్చు.

'ఇల్లు', 'ఇంటికి', 'ఇంట్లో' అన్నవి ఒకే పదమా మూడు పదాలా అన్న ప్రశ్న మాత్రం దీనికి లోబడదు. అది పదాంశ విశ్లేషణకు చెందిన వేరే పని.

6. వయస్సు, మార్కులు

పాఠాలను వదిలి అధ్యాపకుల దైనందిన అవసరాలకు వస్తే, తేదీలూ సగటులూ ఎక్కువగా ఎదురవుతాయి. ఫ్రీ పాస్కల్‌లో తేదీ అంటే 1899 డిసెంబర్ 30 నుండి గడిచిన రోజుల సంఖ్య. రెండు తేదీల మధ్య రోజులు కావాలంటే తీసివేత చాలు. సంవత్సరాల దగ్గరే చిక్కు ఉంది. 'ఇయర్స్‌బిట్వీన్' అనే ఫంక్షన్ మామూలుగా రోజుల సంఖ్యను 365.25తో భాగించి, భిన్నాన్ని వదిలేస్తుంది. 1996 జూలై 1న పుట్టిన వ్యక్తికి 2026 జూలై 1 నాటికి 30 ఏళ్ళు నిండుతాయి. ఆ మధ్య గడిచిన రోజులు 10957. ముప్పై ఏళ్ళకు 365.25 చొప్పున 10957.5 రోజులు కావాలి. అర రోజు తక్కువైనందున ఫంక్షన్ 29 అని చెబుతుంది. వయోపరిమితిని నిర్ణయించే దరఖాస్తుల పరిశీలనలో ఇటువంటి అర రోజు అన్యాయానికో అనర్హమైన ప్రయోజనానికో దారితీస్తుంది. సంవత్సరాలను తీసివేసి, నెల, తేదీ ఇంకా రాకపోతే ఒకటి తగ్గించడమనే మన వాడుక పద్ధతినే ప్రోగ్రాంలోనూ రాయడం క్షేమం.

మార్కుల విషయం ఇంతకంటే సున్నితమైనది. రెండు పరీక్షల సగటును పూర్ణాంకం చేయాలని, అర మార్కు వస్తే పైకి తీసుకోవాలని నియమం ఉందనుకుందాం. ఉత్తీర్ణతకు 35 కావాలి. ఒక విద్యార్థికి రెండింటిలో కలిపి 69 వచ్చాయి, సగటు 34.5. నియమం ప్రకారం 35, అంటే ఉత్తీర్ణుడు. ఫ్రీ పాస్కల్‌లోని 'రౌండ్' ఫంక్షన్ ఇచ్చేది 34. పక్క విద్యార్థికి కలిపి 67, సగటు 33.5. అతనికీ రౌండ్ ఇచ్చేది 34. రెండు మార్కుల తేడా ఉన్న ఇద్దరూ పట్టికలో సమానులయ్యారు, ఇద్దరూ తప్పారు.

ఇది కంపైలర్‌లోని దోషం కాదు. దశాంశ భిన్నాలను ద్విసంఖ్యలుగా మార్చడంలో వచ్చే పొరపాటూ కాదు, ఎందుకంటే 34.5ను కంప్యూటర్ కచ్చితంగానే నిలుపుకోగలదు. సరిగ్గా సగం వచ్చినప్పుడు దగ్గరి సరిసంఖ్యను తీసుకోవాలన్న పద్ధతిని ఫ్రీ పాస్కల్ అనుసరిస్తుంది. దీన్ని బ్యాంకర్ల పూర్ణాంకీకరణ అంటారు. వేలాది లెక్కలను కూడేటప్పుడు ప్రతి సగాన్నీ పైకే నెడితే మొత్తం పెరిగిపోతుంది కాబట్టి, కొన్నిటిని పైకీ కొన్నిటిని కిందికీ పంపడం దాని ఉద్దేశం. మొత్తాల లెక్కకు అది న్యాయమే, ఒక్కొక్క విద్యార్థి విషయంలో కాదు. చిక్కు ఇంకా ముదరడానికి కారణం పాఠ్యపుస్తకాలు. పాస్కల్ అంతర్జాతీయ ప్రమాణంలో ధనసంఖ్యలకు రౌండ్ అంటే అర కలిపి భిన్నాన్ని వదిలేయడమే. దాన్ని బట్టి బోధించిన అధ్యాపకుడు 34.5కు 35 వస్తుందనే నమ్ముతాడు. పైథాన్‌లోని రౌండ్ కూడా బ్యాంకర్ల పద్ధతినే పాటిస్తుంది కనుక భాష మార్చినా ఉపశమనం లేదు.

భిన్నాలను అసలు రానీయకపోవడమే దీనికి సరైన మార్గం. మార్కులు పూర్ణాంకాలు, పరీక్షల సంఖ్యా పూర్ణాంకమే. మొత్తం మార్కులను రెట్టింపు చేసి, పరీక్షల సంఖ్యను కలిపి, వచ్చినదాన్ని పరీక్షల సంఖ్యకు రెట్టింపుతో 'డివ్' అనే పూర్ణాంక భాగహారం చేయాలి. 69 మార్కులు, రెండు పరీక్షలు అయితే 138కి 2 కలిపి 4తో భాగిస్తే 35 వస్తుంది. 67 అయితే 134కు 2 కలిపి 4తో భాగిస్తే 34 వస్తుంది. నాలుగు పరీక్షల్లో 138 వచ్చినవారికి 276కు 4 కలిపి 8తో భాగిస్తే 35. పాత ప్రోగ్రాంతో ఇప్పటికే ప్రకటించిన ఫలితాలు ఉంటే, వాటిని ఈ సూత్రంతో తిరిగి నడిపి, రెండు పట్టికల మధ్య తేడా వచ్చిన పేర్లను విడిగా రాయించడానికి మరో పది పంక్తులు చాలు. పూర్ణాంక భాగం సరిసంఖ్యగా ఉండి చివర అర మార్కు వచ్చినవారి పేర్లే ఆ జాబితాలో కనిపిస్తాయి.